పైన ఆకు, అడుగున జెల్ల

మృగశిర కార్తె నాడు చేప తినాలని మా వైపు పట్టుదల. ఆ రోజు మార్కెట్లో కాలు పెట్టడానికి సందుండదు. మావారు ఊళ్ళో లేరు, అత్తమ్మ మాట కాదనలేను, సంచి పట్టుకుని నేనే బయల్దేరాను. పాల్వంచలో ఎప్పుడూ కొనే అక్క దగ్గర బొచ్చె కోయించుకుంటూ నిలబడితే, ఆమె గంప పక్కన నేల మీద ఏదో కదిలింది. నల్లగా ఉంది. ఒళ్ళంతా పెంకులు, వాటి మీద చారలు, నోరు కడుపు వైపుకి తిరిగి ఉంది. అడుగున్నర పొడవుంటుంది.

"అదేంటక్కా?"

"దయ్యం చేప. పొద్దున్నే వలలో పడ్డది, ఇంకా చావలే చూడు. వలలన్నీ చింపుతది ముదనష్టపుది. కొయ్యరాదు, తినరాదు."

నేనింక మాట్లాడలేదు. ఎందుకంటే అదే చేప మా హాల్లో ఉంది.

మూడేళ్ళ క్రితం మా చిన్నోడి పుట్టినరోజుకి వాళ్ళ బాబాయి ఒక అద్దాల తొట్టి తెచ్చాడు. అందులో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, అద్దానికి నోటితో అతుక్కున్న ఒక నల్ల చేప. అది వేలెడంత ఉంది. దుకాణంలో దాన్ని 'క్లీనర్' అన్నారట, అదుంటే తొట్టి కడగక్కర్లేదన్నారట. గోల్డ్‌ఫిష్‌లు అందరిళ్ళలో లాగే నెల తిరక్కుండా పోయాయి. నల్లది మిగిలింది. జానెడైంది, జానెడు దాటింది. ఇప్పుడు తొట్టిలో వెనక్కి తిరగాలంటే తోక మడుచుకుని తిరుగుతుంది. దాన్ని చూసి అత్తమ్మ ప్రాణం ఉసూరుమంటుంది. "మూగజీవాన్ని జైల్లో పెట్టారమ్మాయ్, తొలి ఏకాదశికి తీసుకుపోయి కిన్నెరసానిలో వదిలేద్దాం, పుణ్యం" అని తేదీ కూడా పెట్టేసింది. నేనూ సరేనన్నాను. బకెట్ కూడా చూసి పెట్టాను.

మార్కెట్ నుంచి వచ్చాక ఆ బకెట్ తీసి బాత్రూంలో పెట్టేశాను. తర్వాత నాకున్న రోగం మొదలైంది. ఏదైనా పట్టుకుంటే దాని తాతముత్తాతల దాకా పోవాలి నాకు. బీఏలో తెలుగు చదివినదాన్ని, చేపల గురించి నాకేం తెలుసు అనుకోకండి. చేప తెలియకపోయినా చరిత్ర తవ్వడం తెలుసు.

ముందు తొట్టి సంగతి. ఇంట్లో అద్దాల పెట్టెలో నీటి జీవుల్ని పెంచడమనే ముచ్చట మొదలుపెట్టినవాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఇది నాకు ఈమధ్యే తెలిసింది, చాలా సంతోషమేసింది. ఒకామె ఫ్రాన్సుకు చెందిన జాన్ విల్‌ప్రూ పవర్. పల్లెటూరి పిల్ల, పారిస్‌కి వెళ్ళి బట్టలు కుట్టే పనిలో చేరింది. 1816లో ఒక రాకుమారి పెళ్ళి గౌనుకి చేసిన పనితో పేరు తెచ్చుకుంది. తర్వాత వ్యాపారిని పెళ్ళాడి ఇటలీ దక్షిణాన సిసిలీ ద్వీపానికి కాపురానికి వెళ్ళింది. అక్కడ సముద్రంలో ఆర్గొనాట్ అని ఒక జీవి ఉంది. పల్చటి గవ్వలో ఉంటుంది. ఆ గవ్వ దాని సొంతమా, వేరే ప్రాణి దగ్గర దొంగిలించిందా అని పండితులకు ఎంతకీ తెగలేదు. ఈమె 1832లో అద్దాల పెట్టెలు చేయించి, అందులో వాటిని పెంచి, పొద్దస్తమానం చూసి, గవ్వ అదే కట్టుకుంటుందని తేల్చింది. కుట్టుపని చేసిన కళ్ళు కదా, ఓపికుంటుంది.

రెండో ఆమె లండన్‌లో ఒక మతగురువు భార్య, ఆనా థిన్. 1846లో సముద్రపు ఒడ్డు నుంచి పగడపు జీవుల్ని కూజాలో పెట్టి లండన్ తెచ్చుకుంది. సముద్రం అక్కడికి దూరం, నీళ్ళు మార్చడం కుదరదు. మరి ఎలా బతికించింది? పనిమనిషి చేత కిటికీ దగ్గర ఆ నీళ్ళని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి రోజూ ముప్పావుగంట దాకా పోయించేది. మనం టీ చల్లారబోసినట్టన్నమాట. నీళ్ళకి గాలి తగలాలని. తర్వాత ఆ నీళ్ళలో నాచుమొక్కలు వేసింది, మొక్కలే ఆ పని కొంత చేసిపెట్టాయి. చరిత్రలో ఆనా థిన్ పేరుంది. చేతులు నొప్పెట్టేలా నీళ్ళు పోసిన ఆ పిల్ల పేరు మాత్రం నాకెక్కడా కనబడలేదు.

1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ సంగతికి ఒక లెక్క కట్టాడు. తొట్టిలో రెండు గోల్డ్‌ఫిష్‌లు, ఒక నీటి మొక్క వేశాడు. మొక్క ఆకులు కుళ్ళి నీళ్ళు జిగటయ్యాయి. అప్పుడు చెరువు నత్తల్ని వేశాడు. అవి కుళ్ళిన ఆకు తిన్నాయి, నీళ్ళు తేటపడ్డాయి. మొక్క, చేప, అడుగు ఊడ్చే ప్రాణి, ఈ మూడూ ఉంటే నీళ్ళు మార్చకుండా చాలాకాలం నడుస్తుందని రాశాడు. మన దుకాణంలో 'క్లీనర్' అన్న మాట ఉందే, దాని వేరు ఇక్కడుంది. నత్త ఉద్యోగం తర్వాత మీసాల చేపకిచ్చారు. మన దేశంలో జనం టిక్కెట్టు కొని చూసే అక్వేరియం 1909లో మద్రాసులో పెట్టారు. అప్పటికి మన భద్రాచలం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే, గోదావరి జిల్లాలో ఉండేది. ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో.

ఇదంతా చదువుతుంటే నాకొకటి అనిపించింది. అద్దం మాత్రమే వాళ్ళది. పైన ఆకు, అడుగున మీసాల చేప ఉన్న నీళ్ళు మనకేమీ కొత్త కాదు. మన చెరువు అదే.

బయ్యారం చెరువు గురించి మీలో ఎంతమందికి తెలుసో. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో పడింది గానీ 2016 దాకా అది మా ఖమ్మం జిల్లాదే. ఆ చెరువు తవ్వించింది కాకతి గణపతిదేవుని చెల్లెలు మైలాంబ. పదమూడో శతాబ్దం మాట. ఆమె వేయించిన శాసనంలో కాకతీయుల వంశక్రమం ఉంది. వాళ్ళ తొలి తరాల పేర్లు తెలుసుకోవడానికి చరిత్రకారులకు ఆ రాయి ఎంతో ఉపయోగపడింది. ఆడబిడ్డ చెరువు తవ్వించి, దాని గట్టున పుట్టింటి వంశం మొత్తం రాయించి పెట్టింది! పుట్టింటి అభిమానం అంటే అదీ.

మా పుట్టింటి ఊళ్ళోనూ ఒక చెరువుంది, అంత పెద్దది కాదు. పైన కలువలు, గట్టు వారగా అంతరతామర తేలుతుండేవి. అంతరతామర అంటే చిన్న క్యాబేజీ విచ్చుకున్నట్టుండే ఆకు, నీళ్ళ మీద తేలుతూ వేళ్ళు కిందికి వేలాడేస్తుంది. సంస్కృతంలో కుంభిక అంటారు, మందుల్లోనూ వాడకం ఉంది. అడుగున బురదలో మీసాల చేపలు. జెల్లలు, మార్పులు, ఇంగిలాయిలు, లోతు చోట వాలుగ. కాలేజీలో మా తెలుగు మేడమ్ 'వాలుగంటి' అంటే వాలుగ చేపలాంటి కళ్ళున్న స్త్రీ అని చెప్పినప్పుడు నేను కిసుక్కున నవ్వి తిట్లు తిన్నాను. ఆవిడ ఎప్పుడైనా వాలుగని చూసిందో లేదో. బారెడు నోరు, అంత పొడుగు మీసాలు, చిన్న చిన్న కళ్ళు! ఆ పోలిక ఎవరు మొదలెట్టారో గానీ తోకో ఒడుపో చూసి అని ఉంటారు.

ఎండాకాలం చెరువు ఎండి బురద మడుగు మిగిలితే మగపిల్లలు ఊతలు వేసి, చేతులతో తడిమి మార్పుల్ని పట్టేవాళ్ళు. జెల్ల ముల్లు గుచ్చుకుని లబలబలాడేవాళ్ళు. జ్వరం పడి లేచినవాళ్ళకి మా అమ్మమ్మ మార్పుల పులుసే పెట్టేది. నీళ్ళు లేని బురదలో అవి ఎలా బతుకుతాయని అడిగితే "వాటికి గాలి మింగడం తెలుసే" అనేది. అమ్మమ్మ చదువుకోలేదు కానీ చెప్పింది అక్షరాలా నిజం. మార్పుకి మొప్పలతో పాటు, నేరుగా పైన గాలి పీల్చే అవయవం ఇంకోటుంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే తిరుగుతుంది.

నేను పదో తరగతికి వచ్చేసరికి ఆ చెరువు మీద కొత్త ఆకు పరుచుకుంది. గుర్రపుడెక్క. మీరు ఏ ఊళ్ళో ఉన్నా చూసే ఉంటారు. ఆకు గుర్రం గిట్టలా ఉంటుంది, కాడ బుడగలా ఉబ్బి తేలుతుంది, ఊదారంగు పువ్వు, పై రేకు మీద నెమలి కన్నులాంటి పసుపు మచ్చ. మొదటిసారి చూసినప్పుడు మేం ఆడపిల్లలం ఎంత మురిసిపోయామో! బతుకమ్మలో పేర్చుకుందామని కోసుకొచ్చాం. సాయంత్రానికి వాడిపోయింది. ఆ తర్వాతి ఏళ్ళలో బతుకమ్మల్ని సాగనంపడానికి చెరువులో నీళ్ళు కనబడలేదు. ఆకుల మీద పెట్టి వచ్చేవాళ్ళం. బతుకమ్మ తేలిపోతూ దూరం పోతుంటే చూడటమే కదా పండగ. అది కదలకుండా అక్కడే పచ్చటి పీట మీద కూర్చుంటే మా అమ్మ ముఖం చిన్నబోయేది.

ఈ మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికా, అమెజాన్ నది ప్రాంతం. అది లోకం మీద పడిన కథ వింటే నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి. 1884లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో పత్తి ప్రదర్శన ఒకటి జరిగింది. అక్కడికి వచ్చినవాళ్ళకి ఈ పూల మొక్కను పంచారని చెబుతారు. ఇళ్ళకి తీసుకెళ్ళి కొలనుల్లో వేసుకున్నారు. పెరిగి పెరిగి ఎక్కువైతే తీసి పక్కనున్న కాలువలో పడేశారు. కొన్నేళ్ళకి ఫ్లోరిడా నదుల్లో పడవలు నడవలేదు. 1910లో అయితే ఒక చట్టసభ సభ్యుడు ఆఫ్రికా నుంచి నీటిగుర్రాలు తెప్పిస్తే అవి ఈ గుర్రపుడెక్క తింటాయి, మనం నీటిగుర్రాల మాంసం తినొచ్చు అని బిల్లు పెట్టాడు. గెలవలేదు లెండి. గెలిస్తే వాళ్ళ గొడవ ఇంకోలా ఉండేది.

మన దేశానికీ అందం కోసమే తెచ్చారు, పందొమ్మిదో శతాబ్దం చివర బెంగాల్‌కి. అనువైన నీళ్ళు దొరికితే రెండు వారాలకు రెట్టింపయ్యే మొక్క అది. వరిపొలాలు మునిగాయి, పడవలు ఆగాయి, చేపలు చచ్చాయి. చివరికి 1936లో బెంగాల్‌లో దాని మీద ప్రత్యేకంగా చట్టమే చేశారు. ఇంటి ఆవరణలో ఆ మొక్క ఉంచుకోకూడదు, తీసెయ్యాలి. మరుసటి ఏడాది ఎన్నికల్లో పెద్ద పార్టీలన్నీ గుర్రపుడెక్కని పీకిస్తామని మాటిచ్చాయంటే దాని దెబ్బ ఎంతో ఊహించుకోండి. 1980ల మొదట్లో దాన్ని తినే ముక్కుపురుగుల్ని విదేశం నుంచి తెప్పించి వదిలారు. కొన్నిచోట్ల పని చేసింది. మా ఊరి చెరువుని మాత్రం మనుషులే దిగి పీకారు, మళ్ళీ వచ్చింది. విత్తనం బురదలో ఏళ్ళ తరబడి నిద్రపోతుంది.

మా హాల్లోని నల్ల చేప పుట్టిల్లు కూడా ఆ దక్షిణ అమెరికా నదులే. ఇది చదివినప్పుడు నా ఒళ్ళు ఝల్లుమంది. పైన ఆకు, అడుగున చేప, రెండూ ఒకే ఊరివాళ్ళు. ఒకదాన్ని అందానికని, ఒకదాన్ని శుభ్రానికని మనమే ఇంట్లోకి పిలుచుకున్నాం. రెండూ పెరటి గుమ్మం గుండా చెరువులోకి వెళ్ళాయి.

ఆ వెళ్ళడం ఎలాగో నేను చెప్పక్కర్లేదు, నా బకెట్టే సాక్ష్యం. ఎవరూ చెడుద్దేశంతో వదల్లేదు. మా అత్తమ్మలాంటి దయగల తల్లులే వదిలి ఉంటారు. మిగతాది వరదలు చేస్తాయి. మాకు గోదావరి వరద కొత్త కాదు. భద్రాచలం దగ్గర 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. అలాంటప్పుడు కుంట, వాగు, చెరువు, నది అన్న తేడా ఉండదు. ఎక్కడి చేప ఎక్కడికైనా పోతుంది. కిన్నెరసాని కూడా చివరికి గోదావరిలో కలిసేదే. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఈమధ్య తూర్పు కనుమల్లోని నీళ్ళు తెచ్చి, అందులో ఈ చేప వదిలిన డీఎన్‌ఏ జాడ కోసం వెతికారు. చేపని చూడక్కర్లేదు, నీళ్ళే చెప్పేస్తాయట. వెతికిన చోట్లలో సగానికి పైగా దొరికింది. తూర్పు కనుమలంటే ఎక్కడో కాదు, మన పాపికొండలు అందులోవే.

మీసాల చేపల్లో ఇంకో పరదేశి మీకు టీవీలో కనిపించే ఉంటుంది, ఆఫ్రికా క్యాట్‌ఫిష్. కోళ్ళ వ్యర్థాలు వేసి దొంగచాటుగా చెరువుల్లో పెంచుతున్నారని పోలీసులు గుంతలు పూడ్చిన వార్తలు వస్తుంటాయి. దాన్ని పెంచకూడదని కేంద్రం 2000లోనే చెప్పింది, 2019లో హరిత ట్రిబ్యునల్ మళ్ళీ గట్టిగా చెప్పింది. అది మన మార్పుకి దాయాది. తిండి, చోటు రెండూ లాక్కుంటుంది. అమ్మమ్మ పులుసు పెట్టిన మన మార్పు జాతికి చెందిన చేపలు ఇప్పుడు అంతరించే ప్రమాదం ఉన్నవాటి జాబితాకెక్కాయి.

ఇప్పుడు గాలి మింగే మాట గుర్తు తెచ్చుకోండి. చెరువు మొత్తం గుర్రపుడెక్క కప్పేస్తే నీళ్ళకి గాలి తగలదు, వెలుతురు దిగదు, రాలిన ఆకు అడుగున కుళ్ళి ఉన్న ప్రాణవాయువు కూడా తినేస్తుంది. అప్పుడు ముందు చచ్చేవి మొప్పలతోనే బతికే బొచ్చె, రవ్వ. గాలి మింగగలిగినవే మిగులుతాయి. ఆఫ్రికా చేపకి మార్పు లాంటి అవయవమే ఉంది. మా నల్ల చేప అయితే గాలిని కడుపులోకి మింగి అక్కడే పీల్చుకుంటుంది. అందుకే ఆ అక్క గంప పక్కన పొద్దున్నుంచీ చావకుండా పడి ఉంది. పైన ఆకు మూతేస్తుంది, అడుగున ఈ చేప రాజ్యం చేస్తుంది. పైగా ఇది గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. మైలాంబ కాలం నుంచీ మన చెరువులకున్నవి మట్టికట్టలు.

మరి ఇదే జంట అద్దాల తొట్టిలో ఎందుకు అంత బాగుంటుంది? నిజంగానే బాగుంటుంది, అబద్ధం చెప్పను. మా తొట్టిలో నీళ్ళు ఎప్పుడూ పచ్చబడి వాసనొస్తుంటే, తెలిసినవాళ్ళ కుంట నుంచి గుప్పెడు అంతరతామర తెచ్చి కడిగి వేశాను. పది రోజుల్లో తేడా తెలిసింది. 'క్లీనర్' అన్నారు గానీ అది చిన్నప్పుడే నాచు గీకుతుంది. పెద్దయ్యాక అది తినేదాని కంటే విసర్జించేదే ఎక్కువ కనిపిస్తుంది. (ఇల్లు ఊడ్చేవాళ్ళ వెనక ఇంకొకరు ఊడవాల్సి రావడం మనకు తెలియనిదా!) ఆ మలినం నీళ్ళలో అమ్మోనియా అవుతుంది, కంటికి కనపడని సూక్ష్మజీవులు దాన్ని నైట్రేట్ చేస్తాయి, వేలాడే వేళ్ళు దాన్ని ఎరువులా లాగేస్తాయి. ఆకు గాల్లో ఉంటుంది కాబట్టి తేలే మొక్క గబగబా పెరుగుతుంది, అందుకే మునిగి ఉండే మొక్క కంటే ఎక్కువ లాగుతుంది. నీడ పడి నాచు తగ్గుతుంది. అడుగు చేపలకి మసక వెలుతురే ఇష్టం. అంతకుముందు పగలంతా మూలన నక్కి ఉండేది, ఇప్పుడు మధ్యాహ్నం కూడా బయటికొస్తుంది.

కాకపోతే ఆకు సగం కంటే ఎక్కువ పరుచుకోనివ్వకూడదు. చేప పైకొచ్చి గాలి మింగడానికి ఒక పక్క ఖాళీ వదలాలి. నేను ప్రతి ఆదివారం సగం ఆకు తీసేస్తాను. తీసింది కాలువలో వెయ్యను, మందార కుండీలో వేసి పైన మట్టి కప్పుతాను. ఆ తీసే చెయ్యి ఉన్నంతసేపూ అది తొట్టి. చెయ్యి ఆగితే మా ఊరి చెరువే. పిల్లలు ముచ్చటపడుతున్నారని మీరెవరైనా కొనాలనుకుంటే, రెండు మూడు అంగుళాల దగ్గరే ఆగిపోయే కోరిడోరస్ అని చిన్న మీసాల చేపలున్నాయి. అవీ ఆ దేశంవే, కనుక అవీ బయటికి పోకూడదు. కానీ కనీసం ఇంట్లో పట్టేంతే పెరుగుతాయి.

అత్తమ్మకి చెప్పడం వీటన్నిటికంటే కష్టమైంది. "వదిలితే పాపమంటావేంటే, ఉంచితే పాపం గాని" అంది. పత్రికల్లో రాసింది చెబితే వినలేదు. చివరికి ఆమెని మార్కెట్‌కి తీసుకెళ్ళి ఆ అక్క ముందు నిలబెట్టాను. అక్క చిరిగిన వల చూపించింది. ఇంతకుముందు రోజుకి ఎన్ని కిలోలు పడేవో, ఇప్పుడెన్ని పడుతున్నాయో, కొత్త వల ఎంతో చెప్పింది. అత్తమ్మ దారంతా మాట్లాడలేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ "అయితే దానికి పెద్ద తొట్టి కట్టించండి, అంతేగానీ చంపొద్దు" అంది.

దుకాణం వాళ్ళు వెనక్కి తీసుకోమన్నారు. పెరట్లో నాలుగడుగుల సిమెంటు తొట్టి కట్టించాం. వానకి పొంగి పొర్లితే చేప బయటపడకుండా పైన వల బిగించాం. నీళ్ళ మీద అంతరతామర, అడుగున ఆ నల్లది. ఇవి పదేళ్ళు, అంతకు పైన కూడా బతుకుతాయట. చిన్నోడు ఇంజనీరింగ్‌కి వెళ్ళినా అది మాతోనే ఉంటుందన్నమాట. తొలి ఏకాదశి నాడు అత్తమ్మ ఉపవాసం ఉండి, దానికి మాత్రం కీరదోస ముక్క వేసింది.

మొన్న ఆ దుకాణం ముందు నుంచి వెళ్తుంటే వేలెడంతవి ఓ పదిహేను అద్దానికి అతుక్కుని కనిపించాయి. లోపలికి వెళ్ళి ఎంతని అడిగాను. నలభై రూపాయలన్నాడు. ఎంత పెద్దదవుతుందని అడిగాను.

"ఇంతే ఉంటది మేడమ్" అన్నాడు.